సంకల్ప బాహుళ్యం ప్రతిభ కాదు

రోగానికి బిరుదు తగిలించడం ఈ కాలానికి అబ్బిన వింత అలవాటు. ఒకడు పది రచనలు తలపెట్టి ఒక్కటీ ముగించకపోతే చుట్టూ ఉన్నవారు "బుర్ర నిండా ఆలోచనలే, అపారమైన ప్రతిభ" అని మెచ్చుకుంటారు. అతడు ఆ మాటనే నమ్ముతాడు. నమ్మినవాడికి చికిత్స లేదు, ఎందుకంటే తన రోగాన్నే ఐశ్వర్యంగా లెక్కపెట్టుకునేవాడు వైద్యుణ్ణి వెదకడు.

నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా ఇటువంటివారు ప్రతి వీధిలోనూ ఉంటారు. రేనాటి చరిత్ర మీద నవల రాయదలచినవాడు మొదటి ప్రకరణం సగంలో ఉండగానే అది నాటకమైతే ఇంకా బాగుంటుందనుకుంటాడు. నాటకానికి పాత్రల పట్టిక వేసేలోపల అది లఘుచిత్రంగా తోస్తుంది. లఘుచిత్రానికి సంగీతం ఆలోచిస్తూ ఉండగా నవనందుల మీద శతకం స్ఫురిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఏడు నోటు పుస్తకాలు పోగవుతాయి, ఒక్కొక్కదానిలో నాలుగేసి పుటలు. తెలుగువారు ఈ స్థితికి ఏనాడో పేరు పెట్టారు. అది ఆరంభశూరత్వం.

ఇది నవ్వి వదిలేయదగిన బలహీనత కాదు. దీనివల్ల నష్టపోయేది ఆ ఒక్క మనిషే కాదు. 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద ఈ సీమ జనం పాటలు కట్టుకున్నారు. కట్టినవారు తమ పనిని పూర్తిచేశారు కనుకనే అవి తరతరాల నోళ్లలో నిలిచాయి. అటువంటి పాటలు, గాథలు తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు. వారి ఎదుట కూర్చుని విని రాసుకోవలసినవాడు ఏ ప్రక్రియలో రాస్తే ఉత్తమమా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అతని ఊహల వైభవానికి మూల్యం చెల్లిస్తున్నది అతడు కాదు, ఆ పాట.

రెండు పూర్వపక్షాలు

ఈ విషయంలో రెండు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. రెండూ ఖండింపదగినవే.

మొదటిది కళాభిమానుల వాదం. ఆలోచనలు పుష్కలంగా పుట్టడమే సృజనశక్తి, వాటిని నియమించబోతే ఊట ఎండిపోతుంది, కనుక మనస్సును దాని ఇష్టానికి వదలాలి, పరిపక్వమైన భావం తనంతట తానే రూపం ధరిస్తుంది అని వీరంటారు.

రెండవది వేదాంతం పేరిట వినిపించే వాదం. మనస్సే శత్రువు, ఆలోచనలే బంధం, ముందు ధ్యానంతో చిత్తాన్ని శూన్యం చేసుకోవాలి, అది నిశ్చలమైన తరువాతనే ఏ కార్యానికైనా పూనుకోవాలి అని వీరంటారు.

పైకి ఈ రెండు వాదాలూ పరస్పర విరుద్ధాలు. లోపల రెండింటి ఫలితమూ ఒక్కటే: ఈ రోజు పని మొదలుకాదు. ఒకరు భావం పండేదాకా ఆగమంటారు, మరొకరు భావం అణిగేదాకా ఆగమంటారు. ఆగడానికి శాస్త్రం తోడు దొరికిందని ఆరంభశూరుడు ఇద్దరికీ నమస్కరిస్తాడు.

మనస్సు చేసిన నేరమేమిటి?

ముందుగా నిందితుణ్ణి సరిగా గుర్తించాలి. వేదాంతశాస్త్రం అంతఃకరణాన్ని వృత్తిభేదాన్ని బట్టి నాలుగుగా చెప్పింది. సంకల్పవికల్పాలు చేసేది మనస్సు, నిశ్చయించేది బుద్ధి, స్మరించేది చిత్తం, "నేను, నాది" అనేది అహంకారం. ఇది అయితేనో, అది అయితేనో అని ఊగడం మనస్సుకు ధర్మమే. అగ్నిని వేడిగా ఉన్నదని నిందించడం ఎంత అవివేకమో, మనస్సును ఆలోచనలు పుట్టిస్తున్నదని నిందించడం అంతే అవివేకం. వందమంది సాక్షులు వచ్చి వంద విధాలుగా చెప్పినప్పుడు తీర్పు వెలువడకపోతే తప్పు సాక్షులది కాదు, తీర్పు చెప్పవలసిన పీఠం ఖాళీగా ఉన్నది. ఆ పీఠం బుద్ధిది. అధిక సంకల్పాలతో బాధపడుతున్నానని చెప్పుకొనేవాడికి నిజానికి ఎక్కువైనది మనస్సు కాదు, తక్కువైనది నిశ్చయం.

భగవద్గీత రెండవ అధ్యాయం దీనిని స్పష్టంగా విభజించింది. నిశ్చయాత్మకమైన బుద్ధి ఒక్కటే. నిశ్చయం లేనివారి బుద్ధులకు కొమ్మలు అనేకం, అంతం లేదు. గీతాచార్యుడు ఆ బహుశాఖలను సంపదగా ఎంచలేదని గమనించాలి. కొమ్మల సంఖ్యను చూసి చెట్టును మెచ్చుకొనేవాడు దాని నీడలో ఒక్క పండూ రాలలేదన్న సంగతి చూడడు.

మరి బుద్ధి ఎందుకు నిశ్చయించదు? ఇక్కడనే అసలు దోషి కనిపిస్తాడు. అతడు అహంకారం. రాయని కావ్యంలో దోషాలు ఉండవు. చెక్కని విగ్రహానికి ముక్కు వంకర తిరగదు. ఊహలో ఉన్నంతకాలం ప్రతి రచనా మహాకావ్యమే, ప్రతి రచయితా మహాకవియే. ఒక్క ఊహను ఎంచుకొని పనిలోకి దిగిన క్షణాన మిగిలిన తొంభై తొమ్మిది మహాకావ్యాలు పోతాయి, ఎంచుకున్న ఆ ఒక్కటి సామాన్యమైన, లోపాలున్న, కష్టపెట్టే వస్తువుగా దిగివస్తుంది. అహంకారం ఈ రెండు నష్టాలనూ భరించలేదు. కనుక ప్రతి ఆరంభం దగ్గరా కొత్త ఊహను ముందుకు తోసి పాతదాని నుండి తప్పించుకుంటుంది.

ఫలాపేక్ష అంటే పని చేసి కూలి అడగడమని సాధారణంగా అనుకుంటారు. అంతకంటె సూక్ష్మమైన ఫలాపేక్ష ఒకటున్నది. అది పని చేయకముందే ఫలాన్ని మనస్సులో భుజించడం. కావ్యం ముగిసినట్లు, సభలో చదివినట్లు, శాలువా కప్పినట్లు ఊహించుకొని తృప్తి చెందినవాడికి ఆకలి తీరిపోయింది. ఇక వంట ఎందుకు చేస్తాడు? కర్మ లేకుండా ఫలాన్ని అనుభవించే ఈ విద్యకు ప్రతిభ అని పేరు పెట్టడం కంటె ఘోరమైన అపచారం సరస్వతికి మరొకటి లేదు.

శూన్యం కాదు, ఏకం

రెండవ పూర్వపక్షం వారు పతంజలిని సాక్షిగా పిలుస్తారు. పిలిచినవారు ఆయన మాట పూర్తిగా వినలేదు. యోగసూత్రాల మొదటి పాదంలో తొమ్మిది అంతరాయాలు చెప్పబడ్డాయి: వ్యాధి, స్త్యానం, సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి, భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం. ఇందులో స్త్యానమంటే చిత్తం పనికి పూనుకోలేకపోవడమని భాష్యం చెప్పింది. సంశయమంటే రెండు కొసలను ఒకేసారి తాకుతూ ఊగడం. అలబ్ధభూమికత్వమంటే చేరవలసిన మెట్టును చేరలేకపోవడం. అనవస్థితత్వమంటే చేరిన మెట్టుపైన నిలవలేకపోవడం. ఆరంభశూరుడి జాతకం అంతా ఈ నాలుగింటిలో ఉన్నది. చిత్తం ఎంత వేగంగా పరుగెత్తినా పనికి పూనుకోకపోతే అది స్త్యానమే. ఆ పరుగు చూసి జడత్వం లేదనుకోవడం పొరపాటు.

ఈ అంతరాయాలకు పతంజలి చెప్పిన మందు ఏకతత్త్వాభ్యాసం. మాటను బాగా చూడాలి. అది శూన్యాభ్యాసం కాదు. ఒక్కదానిని పట్టుకోవడం, పట్టుకున్నదానిని మళ్లీ మళ్లీ పట్టుకోవడం. చిత్తానికి ఆలంబనంగా కొన్ని మార్గాలు చెప్పి, చివరకు ఎవరికి అభిమతమైనదానిని వారు ధ్యానించవచ్చునని కూడా ఆయన అనుమతించాడు. అంటే ఆలంబనం ఏది అన్నదానికంటె అది ఒక్కటిగా ఉండడం ముఖ్యం. "నా పది ఊహలలో ఏది ఉత్తమం?" అని సంవత్సరాలు తర్కించేవాడికి ఇంతకంటె సూటి సమాధానం లేదు. యోగ్యమైన వాటిలో ఏదైనా సరే, రెండవది కాకుండా ఉంటే చాలు.

వ్యాసభాష్యం చిత్తభూములను ఐదుగా చెప్పింది: క్షిప్తం, మూఢం, విక్షిప్తం, ఏకాగ్రం, నిరుద్ధం. క్షిప్తచిత్తుడు విక్షిప్తం, ఏకాగ్రం అనే మెట్లను దాటి ఒక్కసారిగా నిరుద్ధంలోకి దూకాలని బోధించడం ఈత రానివాణ్ణి సముద్రం మధ్యలో దింపడమే. చేతిలోని పనియే అతనికి ఏకాగ్రతా సాధనం. పని చేయడానికి ఏకాగ్రత కావాలన్నది సగం సత్యం. ఏకాగ్రత రావడానికి పని కావాలన్నది మిగిలిన సగం.

నంద్యాలవారికి ఈ సత్యాన్ని వివరించడానికి దూరపు దృష్టాంతం అక్కరలేదు. మహానందిలో ఊట ఏడాది పొడుగునా ఉబుకుతూనే ఉంటుంది. అయినా కోనేరు పొంగదు, మురగదు, అడుగున పడిన నాణెం కూడా కనిపించేంత నిర్మలంగా ఉంటుంది. కారణం ఎవరో ఊటను ఆపడం కాదు. వచ్చినంత నీరూ బయటకు పోయే దారి ఉన్నది, ఆ నీరు చుట్టుపక్కల పొలాలకు చేరుతున్నది. అదే ప్రాంతంలో కుందూ నదికి వరద వచ్చినప్పుడు నీరు దారి తప్పి ఇళ్లలోకి వస్తుంది. నీరు రెండుచోట్లా నీరే. ఊట ఎండిపోతుందని భయపెట్టే మొదటి పక్షంవారు, ఊటను పూడ్చమనే రెండవ పక్షంవారు ఇద్దరూ కోనేటి గట్టు మీద కాసేపు కూర్చోవాలి.

ఆళ్లగడ్డ ఉలి చెప్పే శాస్త్రం

నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ ఉన్నది. అహోబిల క్షేత్రానికి దారి అది. ఆ ఊరి శిల్పకళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. అక్కడి శిల్పశాలల్లో రూపొందిన దేవతామూర్తులు ఎన్నో ఊళ్ల ఆలయాలకు చేరాయి. ఊహ వస్తువుగా మారే విధానాన్ని తెలుసుకోగోరేవాడు పుస్తకాలకంటె ముందు ఆ ఉలి చప్పుడు వినాలి.

శిల్పశాస్త్రం మొదటి అడుగులోనే వికల్పాలను తెంపుతుంది. రాతిని తట్టి నాదం వింటారు. నాదాన్ని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజిస్తారు. గర్భదోషమున్న శిలను మూర్తికి పనికిరాదని వదిలేస్తారు. తరువాత ధ్యానశ్లోకం. చేతులెన్ని, ఆయుధాలేవి, నిలుచున్న మూర్తియా, కూర్చున్న మూర్తియా అన్నది అక్కడ నిర్ణయమవుతుంది. తరువాత తాలమానం. ఉత్తమ దశతాలంలో మూర్తి ఎత్తును 124 దేహాంగుళాలుగా విభజించి ముఖానికి ఇంత, కంఠానికి ఇంత అని గీతలు గీస్తారు. ఇవన్నీ ముగిశాకనే ఉలి రాతిని తాకుతుంది.

ఆగమాలు, వాస్తుగ్రంథాలు శిల్పులను నాలుగు తెగలుగా చెప్పాయి. సమగ్ర రూపాన్ని భావించేవాడు స్థపతి. కొలతల నూలు పట్టేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు తక్షకుడు. కూర్చి ముగించేవాడు వర్ధకి. సృష్టి చేయగోరే ప్రతి మనిషిలోనూ ఈ నలుగురూ ఉండాలి. ఆలోచనల రద్దీతో పని సాగనివాడి లోపల ఒక్క స్థపతి మాత్రమే ఉన్నాడు. అతడు పగలూ రాత్రీ కొత్త ఆలయాలు భావిస్తున్నాడు. నూలు పట్టేవాడు లేడు, చెక్కేవాడు లేడు, ముగించేవాడు అసలే లేడు. ఒక స్థపతి పది ఆలయాలు భావించినంత మాత్రాన ఒక్క దీపం వెలగదు.

"నియమాలు సృజనను చంపుతాయి" అనేవారికి అక్కడనే జవాబున్నది. ఒకే ధ్యానశ్లోకం, ఒకే తాలమానం అనుసరించి ఇద్దరు శిల్పులు చెక్కిన రెండు నరసింహమూర్తులను పక్కపక్కన నిలిపితే రెండూ ఒక్కటిగా ఉండవు. పెదవి చివర మలుపులో, కనుబొమ వంపులో ఎవరి చేయి వారిదే. కొలత నిర్ణయమైనందువల్లనే చేతికి ఆ వెసులుబాటు కలిగింది. ప్రతి ఉదయం చేతుల సంఖ్యను మళ్లీ చర్చించవలసి వస్తే పెదవి దాకా ఏ శిల్పీ చేరడు.

రాతికి మరొక గుణమున్నది. అది క్షమించదు. సగంలో మనసు మారి నరసింహుణ్ణి గోపాలుడిగా మార్చబోతే మిగిలేది రెండూ కాని బండ. భిన్నమైన మూర్తి పూజకు అర్హం కాదు. కాగితం, తెర, యంత్రం ఈ కాఠిన్యాన్ని మరిపించాయి. ఏదైనా ఎప్పుడైనా తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చునన్న సౌకర్యం మనుష్యులను ఉదారులను చేయలేదు, చంచలులను చేసింది.

కవులు ఏమి చేశారు?

శిల్పానికి నియమం చెల్లుతుంది, కవిత్వం స్వేచ్ఛావిహారం కదా అని మొదటి పక్షం మళ్లీ లేస్తుంది. అలంకారశాస్త్రం ఈ వాదాన్ని ఏనాడో తోసిపుచ్చింది. మమ్మటుడు కావ్యప్రకాశంలో శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ చెప్పి, వాటిని కావ్యానికి మూడు వేర్వేరు హేతువులుగా కాక, కలిసి ఒక్క హేతువుగా ఏకవచనంలో నిర్దేశించాడు. శక్తి ఒక్కటే ఉన్నవాడికి కావ్యహేతువులో మూడవ వంతు కూడా లేదు, ఎందుకంటే ఆ హేతువు ముక్కలయ్యేది కాదు.

రాజశేఖరుడు మరింత నిర్దయుడు. కావ్యమీమాంస పదవ అధ్యాయంలో ఆయన కవి దినచర్యను ప్రహరాలుగా విభజించాడు. పగటి మొదటి ప్రహరం విద్యాభ్యాసానికి, రెండవది కావ్యరచనకు, భోజనానంతరం మూడవది గోష్ఠికి, నాలుగవది ఉదయం రాసినదానిని పరీక్షించడానికి. రసావేశంతో రాస్తున్నప్పుడు వివేచన చేసే చూపు ఉండదు, కనుక తరువాత పరీక్షించాలి అని కారణం కూడా చెప్పాడు. రాత్రి నడిమి ప్రహరాలు నిద్రకు కేటాయించాడు. ఆలోచనలతో సతమతమయ్యేవాడు సాధారణంగా చేసే తప్పు సరిగ్గా ఈ విభజనను చెరపడమే. రాస్తున్న వాక్యాన్ని రాస్తూనే పరీక్షిస్తాడు, పరీక్షలో తేలిపోయినదాని స్థానంలో అప్పుడే మరో కావ్యం భావిస్తాడు. పుట్టించే వేళ, తూచే వేళ వేరుచేయనివాడికి రెండు పనులూ సాగవు.

అదే గ్రంథంలో కావ్యం నశించడానికి కారణాలు చెబుతూ రాజశేఖరుడు దేశోపద్రవంతో సమానంగా కర్త మానసిక వ్యాకులతను చేర్చాడు. తరువాత ముగిస్తాను, తరువాత దిద్దుతాను, మిత్రులతో చర్చించి చూస్తాను అనే మాటలు ఆ వ్యాకులతకు గుర్తులని చూపాడు. ఆ పండితుడు జీవించి సుమారు 1100 ఏళ్లు గడిచాయి. ఆ మూడు మాటలు నేటికీ ఏ నోటు పుస్తకం అట్ట మీదనైనా రాసుకోదగినవే.

ఊహల సమృద్ధికి తెలుగులో పింగళి సూరనను మించిన ఉదాహరణ దుర్లభం. ఆయన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ఎనిమిది ఆశ్వాసాల ఆ కావ్యంలో మణికంధరుడు, కలభాషిణి, రంభ, నలకూబరుడు, మణిస్తంభుడు, సుముఖాసత్తి, ఇంకా ఎందరో. కథలో కథ, దానిలో మరొక కథ, రూపాల మార్పులు, జన్మాంతరాలు. మరొకరి చేతిలో పది కావ్యాలుగా చెదిరిపోయే సామగ్రి అది. సూరన ఆ దారాలన్నిటినీ బ్రహ్మ సరస్వతికి చెప్పిన ఒక్క కథకు కట్టాడు. అక్కడ చెప్పబడినదే లోకంలో జరిగి తీరుతుంది. సూరనకు ఊహలు తక్కువై ఒక్క కావ్యం రాయలేదు. ఒక్క కావ్యానికి లొంగని ఊహకు అందులో చోటివ్వలేదు. సూరన పేరు చెప్పి తమ చాంచల్యాన్ని సమర్థించుకొనేవారు ఆయన ముడులనే చూశారు, ముడి విప్పిన చేతిని చూడలేదు.

అంతకంటె గొప్ప పాఠం ఎఱ్ఱన నేర్పాడు. నృసింహపురాణాన్ని అహోబిల నరసింహునికి అంకితమిచ్చిన ఆ కవికి స్వతంత్ర కల్పనాశక్తి లేదని ఎవరూ అనలేరు. ప్రబంధపరమేశ్వరుడన్న బిరుదు ఊరక రాలేదు. అయినా నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఆయన తలకెత్తుకున్నాడు. మూడు శతాబ్దాలుగా తెలుగు భారతం నడుమ ఖాళీగా ఉన్న చోటును నింపాడు. అంతేకాదు, ఆ భాగాన్ని నన్నయ రచనకు కొనసాగింపుగా, రాజరాజనరేంద్రునికే అంకితంగా ముగించాడు. ఒకరు ఆరంభించినది మరొకరు ముగించడానికి ఎంత అహంకారత్యాగం కావాలి! తన ఆరంభాన్ని తానే ముగించలేనివాడు ఎఱ్ఱన ముందు తన ఆలోచనల సంఖ్య చెప్పుకోగలడా?

సంకల్పమనే మాటకు అసలు అర్థం

ఆశ్చర్యమేమిటంటే, ఈ రోగానికి మందు ప్రతి ఇంటి పూజలోనూ ఉన్నది. సంకల్పం చెప్పేటప్పుడు గృహస్థు ఏమి చేస్తాడు? కాలాన్ని కల్పం నుండి ఆనాటి తిథి వారాల దాకా కుదిస్తాడు. దేశాన్ని జంబూద్వీపం నుండి శ్రీశైలానికి ఏ దిక్కున తానున్నాడో అంతదాకా కుదిస్తాడు. నంద్యాలవాసి అయితే నైరృతి దిక్కు అంటాడు. గోత్రం, పేరు చెప్పుకుంటాడు. చివరకు ఒక్క కర్మ పేరు చెప్పి నీరు ముట్టుకుంటాడు. అనంతకాలం, అనంతదేశం ఒక మనిషిగా, ఒక చోటుగా, ఒక పనిగా మారిన క్షణమది. "అనేక పూజలు యథావకాశం కరిష్యే" అని ఏ పురోహితుడూ చెప్పించడు. నేడు మెదడులో మెదిలిన ప్రతి తలంపునూ సంకల్పమంటున్నారు. దేశం, కాలం, కర్త, కర్మ నిర్ణయం కానిది సంకల్పం కాదు, వికల్పమే.

ఆరంభంలో వినాయకుణ్ణి పూజించేది కూడా నిర్విఘ్న పరిసమాప్తికే. పూజ చేసే క్షణంలోనే ముగింపు మీద దృష్టి ఉన్నది. న్యాయశాస్త్రం ఈ విషయాన్ని ఇంకా నిశితంగా చర్చించింది. మంగళాచరణ ఫలం గ్రంథసమాప్తి అని ప్రాచీనులు అన్నారు. మంగళం చేసిన కాదంబరి కర్త చేతిలో ముగియలేదు కదా అన్న ఆక్షేపణ వచ్చింది. బాణుడు విడిచినదానిని అతని కుమారుడు పూర్తిచేయవలసి వచ్చింది. అప్పుడు నవ్యులు మంగళ ఫలం విఘ్ననాశం మాత్రమేనని, సమాప్తికి బుద్ధి, ప్రతిభ మొదలైన వేరే కారణాలు కావాలని తేల్చారు. అడ్డు తొలగించమని దేవుణ్ణి అడగవచ్చు. తొలగిన దారిలో నడవడం కర్త పని.

మిగిలిన ఆక్షేపణలు

కొందరు గీత నుండే మరొక వాక్యాన్ని ఎత్తుకొస్తారు. ఆరంభించినదానికి నాశం లేదని భగవానుడే చెప్పాడు కనుక, మొదలుపెట్టి వదిలేసినా పుణ్యమేనట. ఆ మాట నిష్కామ కర్మయోగాన్ని గురించి చెప్పినది. ఫలాన్ని ఊహలోనే భోంచేసి లేచిపోయేవాడికి అది వర్తించదు. ఆ వెంటనే వచ్చే శ్లోకమే నిశ్చయబుద్ధి ఒక్కటని, నిశ్చయం లేనివారి బుద్ధులు బహుశాఖలని చెబుతున్నది. ఒక శ్లోకం చదివి రెండవదానికి పుట తిప్పకపోవడం కూడా ఆరంభశూరత్వమే.

వదిలేసిన ఊహలు వ్యర్థమవుతాయి కదా అని మరికొందరి బాధ. వాటిని చంపమని ఎవరూ అనలేదు. ఒకే ఒక్క పుస్తకంలో, ఒక్కొక్కదానికి రెండు పంక్తులకు మించకుండా రాసి మూసిపెట్టాలి. చేతిలోని పని ముగిసేవరకు ఆ పుస్తకం తెరవరాదు. బలమున్న ఊహ ఏడాది తరువాత కూడా బతికే ఉంటుంది. బతకనిదానిని గురించి విచారించవలసిన పని లేదు.

ఇంకొక భేదం మరువరాదు. రాత్రుల తరబడి నిద్ర పట్టక, మాట వేగం అదుపు తప్పి, ఆలోచనలు తరుముతూ శరీరం క్షీణిస్తుంటే అది ఆరంభశూరత్వం కాదు, దానికి ఈ ఖండన వర్తించదు. పతంజలి అంతరాయాలలో మొదటగా వ్యాధిని చెప్పింది ఊరకే కాదు. అటువంటివారికి ఉపన్యాసం ఇవ్వడం క్రూరత్వం. వారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం ధర్మం.

మిగిలినవారికి మాత్రం సాకు లేదు. మనస్సు వాయువువలె పట్టరానిదని అర్జునుడు మొరపెట్టుకున్నప్పుడు భగవానుడు దానిని కాదనలేదు. నిస్సంశయంగా అది చంచలమేనని ఒప్పుకొని, అభ్యాసంతోను వైరాగ్యంతోను లొంగుతుందని చెప్పాడు. ఇక్కడ అభ్యాసమంటే ప్రతిదినం ఒకే వేళకు ఒకే పని ముందు కూర్చోవడం. వైరాగ్యమంటే, ఆ వేళకు వచ్చే మిగిలిన ఊహలు ఎంత అందంగా ఉన్నా లేచి వెళ్లకుండా ఉండడం. విషయసుఖాలను వదలడంకంటె తన సొంత ఊహను వదలడం కష్టం. కనుకనే కళాకారునికి అది నిజమైన తపస్సు.

మూర్తి నిర్మాణంలో నేత్రోన్మీలనం చివరిది. పాదం, కటి, కరం, కిరీటం అన్నీ పూర్తయ్యాకనే కన్ను తెరుస్తారు. కన్ను తెరిచేదాకా ఎంత చెక్కినా అది శిలయే, దానికి ఎవరూ నమస్కరించరు. నంద్యాల ఇళ్ల బీరువాలలో నాలుగేసి పుటలతో ఆగిపోయిన నోటు పుస్తకాలు అన్నీ కన్ను తెరవని శిలలే. వాటిలో ఒక్కదానిని తీసి, మిగిలినవాటిని కట్టగట్టి అటక మీద పెట్టి, ఐదవ పుట రాయడానికి ముహూర్తం అక్కరలేదు.